ఉరుంపిరాయ్ ఎర్రగడ్డ మళ్లు

సెలవు సగంలో ఉండగా టెలిగ్రాం వచ్చింది, వెంటనే బయల్దేరమని. 1987, దేశమంతా కరువు. కోడుమూరు దగ్గర మా ఊళ్లో బావులు అడుగంటాయి. కర్నూలు నుంచి గుంతకల్లు దాకా బస్సులో నిలబడి, అక్కణ్నుంచి మద్రాసు రైల్లో నల్ల ట్రంకు పెట్టె మీద కూర్చుని వెళ్లాను. గుంతకల్లులో ఆ పెట్టె మోసిన కూలీ సిపాయినని తెలిసి కూడా రెట్టింపు గుంజాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మద్రాసు నుంచి ఏఎన్-32 సైనిక విమానంలో శ్రీలంకలోని పలాలి. చెవులు దిబ్బళ్లు పడ్డాయి తప్ప ప్రయాణం గురించి చెప్పేదేమీ లేదు.

జూలై 29న భారత్-శ్రీలంక ఒప్పందం అయ్యాక ముందుగా వెళ్లిన మనవాళ్లకు యాళ్పాణం (జాఫ్నా) జనం పూలదండలు వేశారు. అక్టోబరు 10న తమిళ పులులతో (ఎల్‌టీటీఈ) పోరు మొదలైంది. నేను దిగింది నవంబరులో. అప్పటికి దండల ఊసెత్తేవాళ్లే లేరు.

వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ ట్రైనింగ్ అయినవాణ్ని, తమిళం బాగానే వచ్చు. ఇక్కడ అది పనికొస్తుందని సంబరపడ్డాను. తీరా చూస్తే, మా గస్తీ పోతుంటే ఇళ్ల ముందు ఆడవాళ్లు గొంతు తగ్గించి అనుకునే మాటలు కూడా చెవిన పడేవి. నిద్ర పట్టేది కాదు.

మొదటి పాఠం, రోడ్డెక్కొద్దు. కల్వర్టుల కింద మందుపాతర పెట్టి, దూరంగా తాటితోపులో కూర్చుని వైరు కలిపేవాళ్లు. అందుకని చేలల్లోంచే నడక. గట్ల మీద కూడా వద్దన్నారు. మా సెక్షన్‌లో మేం జమ్మలమడుగు అన్న అని పిలిచే ఒకాయన ఉండేవాడు. "అబ్బీ, చేను చూడొద్దు. ముందోడి అడుగు చూడు, ఆ అడుగులోనే కాలుపెట్టు" అనేవాడు.

చూడకుండా ఎట్లా? యాళ్పాణం దగ్గర ఉరుంపిరాయ్ ఊరి వైపు నేలంతా మా చేలకన్నా ఎర్రన. ఆ సీమలో నికరంగా పారే పెద్ద నది లేదు, సేద్యమంతా సున్నపురాతి నేలలో తవ్విన బావుల మీదే. ఆ ఏడు మొదట్లో శ్రీలంక ప్రభుత్వం డీజిలు, పెట్రోలు రానివ్వకుండా కట్టడి చేసింది. ఇంజన్లున్న రైతులు కూడా మళ్లీ ఏతాం పట్టుకున్నారు. మళ్లు కట్టిన తీరు చూస్తే కళ్లు తిప్పుకోలేం. చిన్న చిన్న మళ్లు, గట్టు చేత్తో అదిమి నున్నగా చేసినవి, వాటిలో చిన్న ఎర్రగడ్డలు (ఉల్లిగడ్డలు) ఒక్కొక్కటీ జానెడు కూడా ఎడం లేకుండా గుచ్చి ఉండేవి. మా నాయన మడి కట్టినా అట్లాగే ఉంటుంది.

వాటి మీదుగా నడిచాం. వాన కురిసిన నేల, బూటు మడమ దాకా దిగేది. కాలు తీస్తే మట్టితో పాటు అప్పుడే మొలకెత్తిన గడ్డ లేచొచ్చేది. చేను చివర ఒక పెద్దాయన, లుంగీ మోకాళ్ల పైకి కట్టి నిలబడ్డాడు. ఏడవలేదు, తిట్టలేదు. మా వరసలో చివరివాణ్ని నేనే. మేం దాటాక ఆయన వంగి లేచిన గడ్డలు ఏరి మళ్లీ గుచ్చుతున్నాడు. వెనక్కి చూసిన నన్ను పట్టుకుని, "తంబీ, రోడ్డుండగా ఎందుకిట్లా?" అన్నాడు. రోడ్డు కింద ఏముందో ఆయనకూ తెలుసు. నాకు మాట పెగల్లేదు.

బూట్లూ భయమూ కొద్దిరోజులకు అలవాటయ్యాయి. వాసనపట్టిన రేషన్ పప్పు కూడా. మళ్లు తొక్కడం మాత్రం అలవాటు కాలేదు. 1990 మార్చిలో మన సైన్యం వెనక్కి వచ్చేలోపు దాదాపు 1,200 మందిని పోగొట్టుకున్నాం. వాళ్లలో జమ్మలమడుగు అన్న ఒకడు. ఆ లెక్క అందరికీ తెలియాలి. ఆ రైతుల నష్టం ఎవరైనా లెక్క కట్టారా అని కూడా నేను అడుగుతాను.

ఊరి పేరు లేకుండా ఈ ఎర్రగడ్డల సంగతి నాయనకు జాబు రాశాను. పక్కింటి పిల్లవాడి చేత తిరుగు జాబు రాయించాడు. వాన పడలేదని, ఎద్దును అమ్మేశామని రాయించి, చివర్లో, "ఆ మళ్లకు నష్టం ఎవరిస్తారు నాయనా?" అని అడిగాడు. తర్వాతి జాబులో మనియార్డరు పంపిన సంగతి రాశాను. ఆయన అడిగినదానికి మాత్రం నేను జవాబు రాయలేదు.