నయాగరా: పొద్దున ఎటు, సాయంత్రం ఎటు

నయాగరా వెళ్లేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: అమెరికా వైపు బాగుంటుందా, కెనడా వైపా? అందరూ చెప్పే జవాబు కెనడా అనే. అది సగమే నిజం. ఎండ ఎటు నుంచి పడుతోందో, గాలి ఎటు వీస్తోందో చూసుకోకపోతే ఎంత పేరున్న చోట నిలబడినా తెల్లటి తుంపర తప్ప ఏమీ కనబడదు.

జలపాతం దాటాక నది ఉత్తరానికి పోతుంది. తూర్పు గట్టు అమెరికా, పడమటి గట్టు కెనడా. 57 మీటర్ల ఎత్తున్న హార్స్‌షూ ఫాల్స్‌దే దాదాపు తొంభై శాతం నీరు. అమెరికన్ ఫాల్స్, దాని పక్కనే సన్నగా ఉండే బ్రైడల్ వీల్, రెండూ కెనడా వైపు తిరిగి ఉంటాయి. కాబట్టి పొద్దున కెనడా గట్టు మీద నిలబడితే సూర్యుడు ఎదురుగా కళ్లలో పడతాడు. మధ్యాహ్నం రెండు దాటాక అదే సూర్యుడు వీపు వెనక్కి వస్తాడు, నీళ్లు మెరుస్తాయి, తుంపరలో ఇంద్రధనుస్సు లేస్తుంది.

అందుకే ఉదయం అమెరికా వైపు మొదలుపెట్టడం మేలు. హార్స్‌షూకీ అమెరికన్ ఫాల్స్‌కీ మధ్య ఉన్న దీవి గోట్ ఐలాండ్. దాని పడమటి కొసన ఉండే టెరాపిన్ పాయింట్‌లో హార్స్‌షూ అంచు రైలింగు పక్కనే ఉంటుంది, ఎండ వెనక నుంచి పడుతుంది. చిక్కల్లా గాలితోనే. పడమటి గాలి వీస్తే తుంపరంతా ఇటే వచ్చి పడుతుంది, అదే తూర్పు గాలైతే కెనడా వైపు హార్స్‌షూ అంచున జనం నిలబడి చూసే టేబుల్ రాక్ తడిసిపోతుంది. బయల్దేరేముందు ఫోన్‌లో ఉష్ణోగ్రతతో పాటు గాలి దిశ కూడా చూడండి. నీటికన్నా గాలి బాగా చల్లగా ఉన్న రోజుల్లో తుంపర మేఘం మరీ ఎత్తుకు లేస్తుంది.

మరీ తెల్లవారుజామునే వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. అమెరికా, కెనడాల మధ్య 1950లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు కనీసం లక్ష క్యూసెక్కులు జలపాతం మీదికి వదలాలి. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు చివరి దాకా ఆ గడువు రాత్రి 8 వరకే. మిగతా వేళల్లో, చలికాలం మొత్తం, 50 వేలు వదిలితే చాలు, మిగిలిన నీరు కరెంటు తయారీకి పోతుంది. సూర్యోదయం ఫొటోలో నీళ్లు పలచగా కనబడితే కారణం ఇదే.

అమెరికా గట్టు నుంచి మూడు జలపాతాలూ ఒకేసారి చూడాలంటే ప్రాస్పెక్ట్ పాయింట్ టవర్ ఎక్కాల్సిందే. లూనా ఐలాండ్‌లో అమెరికన్ ఫాల్స్‌కీ బ్రైడల్ వీల్‌కీ మధ్య నిలబడతారు. హోరు బాగా తెలుస్తుంది గానీ ఫొటోలో ఆకారం రాదు. త్రీ సిస్టర్స్ ఐలాండ్స్‌ను చాలామంది వదిలేస్తారు. నీళ్లు దూకబోయే ముందు ఎంత వేగం పుంజుకుంటాయో కనిపించేది అక్కడే, టికెట్టు కూడా లేదు.

బ్రైడల్ వీల్ అడుగుకు తీసుకెళ్లే కేవ్ ఆఫ్ ద విండ్స్ నడకదారి ఒక్కటీ అమెరికా వైపే ఉన్నా మధ్యాహ్నానికి ఉంచుకోవాల్సినది. బ్రైడల్ వీల్ అడుగు నుంచి తూర్పుకు చూస్తాం కనుక ఎండ అప్పుడే వెనక పడుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తే, దిగడానికి లిఫ్టు ఉన్నా కింద చెక్కమెట్లు తడిగా ఉంటాయని ముందే చెప్పండి. చివరి మెట్ల దాకా ఎక్కక్కర్లేదు, కింది వేదిక నుంచే చాలినంత కనబడుతుంది.

కెనడా వైపు అందరూ టేబుల్ రాక్ దగ్గరే ఆగిపోతారు. నీరు అంచు దాటి వంగే చోటు అక్కడ అద్భుతమే, కానీ గుర్రపులాడం ఆకారం మొత్తం కంటికి అందదు. రైలింగు వెంట ఉత్తరానికి నడవండి. వెనక్కి తిరిగి చూస్తే వంపంతా విచ్చుకుంటుంది, ఇంకా ముందుకెళ్తే అమెరికన్ ఫాల్స్ సరిగ్గా ఎదురుగా వస్తుంది. జర్నీ బిహైండ్ ద ఫాల్స్‌లో సొరంగం కన్నాల నుంచి కనిపించేది తెల్లటి తెర మాత్రమే. డబ్బు గిట్టుబాటయ్యేది బయటి వేదిక దగ్గర. పడవ ఏ దేశం నుంచి ఎక్కినా వెళ్లేది ఒకే చోటికి, పోయేటప్పుడు ఎడమ రైలింగు దగ్గర నిలబడితే అమెరికన్ ఫాల్స్ దగ్గరగా కనిపిస్తుంది.

కెమెరాకు పోలరైజర్ ఫిల్టరు తగిలిస్తే నెమ్మదిగా తిప్పి చూడండి. ఒక కోణంలో ఇంద్రధనుస్సు చిక్కగా వస్తుంది, ఇంకో కోణంలో మాయమైపోతుంది. లెన్సు తుడిచే గుడ్డలు రెండు మూడు పొడిగా దాచుకోండి, ఒకసారి తడిసిన గుడ్డ మరకలే మిగులుస్తుంది.

రాత్రి రంగుల దీపాలు కెనడా గట్టు నుంచే వేస్తారు, చూడాల్సిందీ అక్కడి నుంచే. అమెరికాలో ఉంటున్న ఇండియన్ పాస్‌పోర్టువాళ్లకు గ్రీన్‌కార్డు లేకపోతే కెనడా వీసా కావాలి. అమెరికా వీసా స్టాంపు గడువు తీరినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ పత్రం) చెల్లుబాటులో ఉంటే 30 రోజుల్లోపు కెనడా నుంచి తిరిగి రావచ్చు. అక్కడ ఉండగా కొత్త వీసాకు దరఖాస్తు పెట్టారో, ఆ వెసులుబాటు పోతుంది.