పిన్ను పట్టనప్పుడే ఆగాల్సింది

పొద్దున్నే బావ పంపిన రోటావేటర్ వచ్చింది. ట్రాక్టర్ వెనక తగిలిస్తే బ్లేడ్లు తిప్పుతూ మన్ను గుల్ల చేసి గడ్డి తీసే పనిముట్టు. అయిదడుగుల వెడల్పుది. "కొత్తది తీసుకున్నా బామ్మర్దీ, పాతది షెడ్డులో ఊరికే పడుంది, నీ చీనీ (బత్తాయి) తోటకి వాడుకో" అన్నాడు మొన్న పెళ్లిలో కలిసినప్పుడు. ఊరికే వచ్చేదాన్ని వద్దనే అలవాటు మా వంశంలో ఎవరికీ లేదు.

బావది 45 హెచ్‌పీ ట్రాక్టర్. నాది 24. కొమ్మలకు తగలకుండా చీనీ చెట్ల మధ్య దూరుతుందని కొన్న చిన్న బండి. తగిలించబోతే మొదటి చిక్కు అక్కడే వచ్చింది. రోటావేటర్ పిన్నులు 28 మిల్లీమీటర్లవి, నా బండి వెనక పనిముట్టును మోసే రెండు చేతులు, అంటే లింకులు, వాటి చివరి బాళ్ల రంధ్రం 22. ఎంత తోసినా ఎక్కదు కదా! పెద్ద బండి సామాను అది, ఆ పిన్నే నాకు చెబుతోంది. నేను వింటేగా. లేతు మిషన్ దగ్గరికి పోయి 22 మిల్లీమీటర్ల పిన్నులు చేయించుకొచ్చా. ఆరు వందలు వదిలింది. పైన పట్టుకునే మూడో చెయ్యి, టాప్ లింకు పిన్నుదీ అదే కథ.

అయినా ధైర్యమే. షోరూం కుర్రాడు "750 కేజీలు ఎత్తుతుంది సార్" అని రెండుసార్లు చెప్పాడు. రోటావేటర్ రేకు మీద 390 అని ఉంది. సగమే కదా అనుకున్నా.

లివర్ లాగితే లిఫ్ట్ నిజంగానే ఎత్తింది, మూలగలేదు కూడా. తోటలోకి పోయేదాకా బానే ఉంది. కాలవ గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు జానెడు లేచాయి. స్టీరింగ్ తిప్పుతున్నా, బండి మాత్రం దానికి తోచిన వైపు పోతోంది. క్లచ్ తొక్కి రోటావేటర్ దించేలోపే ఎడమ పక్క చెట్టుకు తగిలి, నిండా కాయలున్న కొమ్మ ఒకటి విరిగింది. చేతులు వణుకుతున్నాయి. దిగి నిలబడ్డా.

గట్టు మీద కూర్చున్న నాయన పరిగెత్తుకు రాలేదు. "వెనక బరువెక్కువైతే ఎద్దుల బండి కాడి పైకి లేస్తుంది, ఎద్దుల గొంతు బిగుస్తుంది. బండి కట్టిన ఇంట్లో పుట్టి అది తెలీదా నీకు?" అన్నాడు. ఆ 750లో కాడి సంగతి లేదు మరి.

మధ్యాహ్నం అన్నం తిన్నాక పాత నోటుబుక్కు వెతికా. గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం వారి వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థలో కొన్ని రోజులు కూర్చున్నప్పుడు రాసుకున్నది. అందులో నా చేతిరాతే: "లిఫ్ట్ కెపాసిటీ లింకుల చివర కొలుస్తారు. అక్కణ్నించి 610 మి.మీ. వెనక కూడా కొలుస్తారు, అక్కడ తక్కువ వస్తుంది." కింద రెండు గీతలు కూడా గీసుకున్నా. రోటావేటర్ బరువంతా లింకుల చివర వేలాడదు, ఇంకాస్త వెనక ఉంటుంది. దాని పక్కనే ఇంకో ముక్క ఉంది. పనిముట్టుతో కలిపి మొత్తం బరువులో ఐదో వంతైనా ముందు చక్రాల మీద ఉండాలట.

రోటావేటర్ విప్పేసి బండిని టౌన్లో వేబ్రిడ్జికి తీసుకుపోయా. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి తూయించా, 340 వచ్చింది. కాటా అబ్బాయి నన్ను వింతగా చూశాడు. ఇంటికొచ్చి టేపు పట్టా. వెనక ఇరుసు నుంచి ముందు ఇరుసుకు అయిదడుగులు. అదే వెనక ఇరుసు నుంచి రోటావేటర్ నడుమకు నాలుగడుగులు. వెనక ఇరుసు నడుమ పెట్టి తూచే తక్కెడ లెక్కే ఇది: 390ని నాలుగుతో హెచ్చించి అయిదుతో భాగిస్తే 312. అంటే ముందు నుంచి 312 కేజీలు పోయి 28 మిగిలాయి. ఒక యూరియా బస్తా కంటే తక్కువ! దాంతోనా నేను గట్టు ఎక్కింది? తడి నేలలో బ్లేడ్లకు మన్ను పట్టుకుంటే ఆ 28 కూడా ఉండవు. ఇంజన్ దాన్ని తిప్పగలిగేదా లేదా అనేది వేరే సంగతి, అంతదాకా పోనేలేదు.

సాయంత్రం పక్కూరి నుంచి నాలుగడుగులది బాడుగకు తెచ్చా. 240 కేజీలు. నా చక్రాల గుర్తులు చెరిపేంత వెడల్పు ఉంది, చాలు. దీనికి నడుమ కొంచెం దగ్గరగా వచ్చింది, మూడుమ్ముప్పావు అడుగు. లెక్కకు 180 పోయి ముందు 160 మిగులుతాయి. అయినా ఐదో వంతు కాదు. అందుకే ముందు బంపర్‌కు 20 కేజీల బరువులు మూడు తగిలించా. గట్టు ఎక్కించి చూశా, చక్రాలు నేల వదల్లేదు. రెండు సాళ్ల గడ్డి పోయేసరికి చీకటి పడింది.

బావకు ఫోన్ చేసి చెప్పా. నవ్వి, "పిన్నులు మార్చావంటగా, మరి నాకెట్లా తిరిగిస్తావు?" అన్నాడు. పాత పిన్నులు ట్రాలీలో వేశానో, లేతు షాపులోనే వదిలేశానో గుర్తు రావట్లేదు. రేపు పొద్దున పోయి వెతకాలి.