పురుగుల మందు నుంచి హలబ్జా దాకా

పురుగుల మందు తాగినవాళ్లకి మన ఆసుపత్రుల్లో అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇస్తారు కదా, నరాల పనిని దెబ్బతీసే విషం నెర్వ్ గ్యాస్ బాధితులకీ అదే ఇస్తారు, ఎందుకంటే ఆ పురుగుల మందుల్లో చాలావాటిదీ ఈ గ్యాస్‌దీ ఒకే కుటుంబం. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే కెమిస్టు పంటల పురుగులకి మందు వెతుకుతూనే టాబున్ అనే నెర్వ్ గ్యాస్ తయారుచేశాడు. కొద్ది రోజులకే ఒక చుక్క ఒలికి, ఆయనకీ సహాయకుడికీ కంటిపాపలు చిన్న చుక్కల్లా కుంచించుకుపోయాయి, ఊపిరాడలేదు. హిట్లర్ దగ్గర టన్నులకొద్దీ ఉన్నా యుద్ధంలో వాడలేదు.

ఇరాక్ నియంత సద్దాం హుస్సేన్ నెర్వ్ గ్యాస్ వాడాడు. 1988 మార్చి 16న, ఇరాక్‌లోని కుర్దుల పట్టణం హలబ్జా మీద. ముందు మామూలు బాంబులు వేస్తే జనం అలవాటు ప్రకారం నేలమాళిగల్లోకి దిగారు, తర్వాత గ్యాస్ వేశారు. అది గాలికన్నా బరువు, జనం దాక్కున్న చోటికే దిగింది. యాపిల్ పళ్ల వాసన వచ్చిందని బతికినవాళ్లు చెప్పారు (ఇది చదివాక నాకు కొన్నాళ్లు యాపిల్ సహించలేదు). చనిపోయింది 3,200 నుంచి 5,000 మంది అంటారు. ఒక ఫొటోలో గుమ్మం దగ్గర కూలిపోయిన తండ్రి, చేతుల్లో గుడ్డల్లో చుట్టిన పసిబిడ్డ. ఈ దాడి కేసులో సద్దాం బంధువు అలీ హసన్ అల్ మజీద్‌ని 2010లో ఉరితీశారు. అదే రోజు చర్మాన్నీ ఊపిరితిత్తుల్నీ కాల్చే మస్టర్డ్ గ్యాస్ కూడా పీల్చినవాళ్లు మాత్రం దశాబ్దాల తర్వాత కూడా దగ్గుతూనే ఉన్నారు.