స్కోరర్ బల్ల దగ్గర నుంచి చూసిన టైమౌట్

బాస్కెట్‌బాల్ స్కోరు షీటులో జట్టు పేరు కింద రెండో అర్ధభాగం టైమౌట్లకు, అంటే కోచ్ అడిగి తీసుకునే విరామాలకు, మూడు చిన్న గడులు ఉంటాయి. నాలుగో క్వార్టర్‌లో గడియారం రెండు నిమిషాలకు వచ్చేసరికి ఆ మూడూ ఖాళీగా ఉంటే, మొదటి గడిలో నేను రెండు అడ్డగీతలు గీయాలి. ఈ పని చేసినప్పుడల్లా ఎవరో ఒక కోచ్ బల్ల దగ్గరికి వచ్చి నన్ను నిలదీయడం కర్నూలులో నాకు మామూలైపోయింది. కిందటిసారి వచ్చినాయన ఒక పల్లె హైస్కూలు పీఈటీ. మ్యాచ్ అంతా ఒక్క టైమౌట్ కూడా తీసుకోకుండా, పిల్లలను లైను బయటి నుంచే నడిపించుకుంటూ వచ్చారు. బంతి ఆగి గడియారం నిలిచిన సమయం చూసుకుని, పద్ధతిగానే నా దగ్గరికి వచ్చి వేలితో గడిని చూపించారు.

"మూడూ అట్నే పెట్టుకున్నాను గదా సార్, ఒకటి యాడికి పోయింది?"

"పోలేదు సార్, రెండు నిమిషాల్లోపల రెండే ఇస్తారు. ముందే ఒకటి వాడుకోవాల్సింది."

ఆయన ముఖం చూస్తే, దాచుకున్న డబ్బు చెల్లదని బ్యాంకులో చెప్పించుకున్న మనిషిలా ఉన్నారు. మన దేశంలో జిల్లా స్థాయి నుంచి జాతీయ స్థాయి వరకు పాటించే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల ప్రకారం మొదటి అర్ధభాగానికి 2, రెండో అర్ధభాగానికి 3, అదనపు సమయం పడితే ప్రతి అయిదు నిమిషాలకు 1 చొప్పున టైమౌట్లు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక నిమిషం. ఒక భాగంలో వాడనిది మరో భాగంలోకి రాదు. చివరి రెండు నిమిషాలకు రెండే అని హద్దు పెట్టడంలో ఉద్దేశం స్పష్టమే. ఆ హద్దు లేకపోతే పోటాపోటీగా సాగే మ్యాచ్‌లో ఇద్దరు కోచ్‌లూ మూడేసి టైమౌట్లు చివరి దాకా దాచి, రెండు నిమిషాల ఆటను పావుగంట సాగదీస్తారు. నిబంధన న్యాయమైనదేనని నా అభిప్రాయం. అయినా దాన్ని ముందుగా తెలుసుకోని కోచ్‌ను చూస్తే జాలి వేస్తుంది.

అసలు టైమౌట్ అడిగే హక్కు ఎవరిది అన్న దగ్గరే మన పిల్లలకు పెద్ద పొరపాటు జరుగుతోంది. ఫోన్లలో అమెరికా ఎన్‌బీఏ మ్యాచ్‌లు చూసి చూసి, ఇద్దరు ప్రత్యర్థులు మూలన బిగించగానే అరచేతి కింద వేలు నిలబెట్టి రెఫరీ వైపు చూపిస్తారు. అక్కడి ఆటగాడికి ఆ హక్కు ఉంది, ఇక్కడి ఆటగాడికి లేదు. ఫిబా నిబంధనల్లో టైమౌట్ అడగవలసింది హెడ్ కోచ్, లేదా మొదటి అసిస్టెంట్ కోచ్ మాత్రమే. ఇద్దరూ లేని జట్టులో కెప్టెనే కోచ్ బాధ్యత తీసుకుంటాడు కాబట్టి అతడు అడగవచ్చు. మిగతా ఆటగాళ్లు ఎన్నిసార్లు చేతులు చూపినా రెఫరీ పట్టించుకోడు, ఈలోపు, ప్రత్యర్థి దగ్గరగా బిగించినవాడు అయిదు సెకన్లలోగా బంతి వదలాలన్న నియమం కింద బంతి అవతలి జట్టుకు పోతుంది. ఆటగాడికి హక్కు ఉన్నచోట కూడా అది కత్తి మీద సామే. 1993 ఏప్రిల్ 5న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన అమెరికా కళాశాలల ఫైనల్‌లో మిషిగన్ జట్టు 73–71తో వెనకబడి ఉండగా, 11 సెకన్లు మిగిలిన దశలో క్రిస్ వెబర్ మూలన చిక్కుకుని టైమౌట్ అడిగాడు. అప్పటికి ఆ జట్టుకు టైమౌట్లు అయిపోయాయి. టెక్నికల్ ఫౌల్ పడింది, నార్త్ కరోలినా 77–71తో గెలిచింది. బెంచ్ మీద ఉన్నవాళ్లు లెక్క సరిగా చెప్పి ఉంటే ఆ కుర్రవాడికి ఆ అపకీర్తి తప్పేది. మా ఊరి మైదానాల్లో ఈ మధ్య ముగ్గురేసి ఆడే 3×3 పోటీలు కూడా జరుగుతున్నాయి. వాటిలో జట్టుకు 30 సెకన్ల టైమౌట్ ఒక్కటే ఉంటుంది, కోచ్ ఉండడు, ఆటగాళ్లే అడుగుతారు. పొద్దున ఒకటి, సాయంత్రం మరొకటి ఆడే పిల్లలు తికమక పడటంలో ఆశ్చర్యం లేదు.

అడగడానికి ఒక మర్యాద ఉంది. కోచ్ స్కోరర్ కంటితో కన్ను కలపాలి, లేదా బల్ల దగ్గరికి నడిచి వచ్చి స్పష్టంగా చెప్పాలి, చేతులతో గుర్తు చూపాలి. బెంచ్ దగ్గర నిలబడి గొంతు చించుకుంటే అది అడిగినట్టు కాదు. ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్న నేనే ఒకసారి తప్పు చేశాను. బాస్కెట్ పడిన వెంటనే వరుస స్కోరులో గీత పెట్టి, ఆటగాడి నంబరు రాసే తొందరలో తల వంచుకున్నాను. కోచ్ నాకు ఎదురుగానే వచ్చి గుర్తు చూపిస్తున్నారట. నేను తల ఎత్తేసరికి త్రో ఇన్ చేసేవాడి (లైను బయటి నుంచి బంతి లోపలికి వేసేవాడి) చేతిలో బంతి పడింది, అవకాశం మూసుకుపోయింది. ఆయన తరువాత నాతో ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధించింది. అప్పటి నుంచి నేను పక్కన కూర్చున్న అసిస్టెంట్ స్కోరర్‌కు ఒక పని అప్పగించాను. నేను రాసేటప్పుడు రెండు బెంచ్‌ల వైపూ చూడటం, ఎవరైనా అడిగితే నా మోచేతిని తట్టడం అతని వంతు.

ఈ అవకాశం తెరుచుకోవడం, మూసుకుపోవడం అన్నదే టైమౌట్ నిబంధనలో కీలకం, మన మైదానాల్లో తగాదాలు పుట్టేదీ అక్కడే. కోచ్ ఎప్పుడైనా అడగవచ్చు, ఇవ్వడం మాత్రం ఎప్పుడంటే అప్పుడు కుదరదు. బంతి ఆగి, గడియారం నిలిచి, రెఫరీ బల్లతో తన సంజ్ఞలు ముగించిన తరువాత రెండు జట్లకూ అవకాశం తెరుచుకుంటుంది. ఫౌల్‌కు బదులుగా ఇచ్చే ఫ్రీ త్రోలలో చివరిది పడితే అప్పుడూ రెండు జట్లకూ ఉంటుంది. మామూలు ఆటలో బాస్కెట్ పడితే, బాస్కెట్ వేయించుకున్న జట్టుకు మాత్రమే ఉంటుంది, వేసిన జట్టుకు ఉండదు. త్రో ఇన్ చేసేవాడి చేతికో, మొదటి ఫ్రీ త్రో వేసేవాడి చేతికో బంతి అందిన క్షణంలో తలుపు మూసుకుంటుంది. కాబట్టి రెండు ఫ్రీ త్రోల మధ్య టైమౌట్ ఇమ్మని అరిచే కోచ్‌కు నేను తల అడ్డంగా ఊపడం తప్ప చేయగలిగింది లేదు. అవకాశం రాగానే నా మాట మీద, గడియారం చూసే టైమర్ హారన్ కొట్టాలి. హారన్ మోగక ముందైతే కోచ్ తన కోరికను వెనక్కి తీసుకోవచ్చు, మోగిన తరువాత తీసుకోలేడు.

ఈ తలుపు గందరగోళంగా ఉంటే ఏమవుతుందో 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్ చూపించింది. మూడు సెకన్లు మిగిలి ఉండగా అమెరికా ఆటగాడు డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలూ వేసి జట్టును 50–49తో ముందుకు తెచ్చాడు. రెండో త్రోకు అతడు సిద్ధమవుతున్న సమయంలో బల్ల దగ్గర హారన్ మోగింది. తాము టైమౌట్ అడిగామని, తమకు ఇవ్వలేదని సోవియట్ కోచ్‌ల వాదన. అప్పటి నిబంధన ప్రకారం రెండో త్రో తరువాత టైమౌట్ ఇవ్వడానికి వీల్లేదు. ఆట మొదలై, మళ్లీ ఆగి, ఫిబా కార్యదర్శి విలియం జోన్స్ ప్రేక్షకుల్లోంచి దిగివచ్చి గడియారాన్ని మూడు సెకన్లకు తిప్పించారు. గడియారం సరిగా కుదరక మరోసారి ఆడించారు, ఆ మూడో ప్రయత్నంలో అలెగ్జాండర్ బెలోవ్ బాస్కెట్ వేయగా సోవియట్ జట్టు 51–50తో గెలిచింది. అమెరికా జట్టు రజత పతకాలు తీసుకోలేదు. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్న వాదనలోకి నేను దిగను. స్కోరర్ బల్ల దగ్గర కూర్చునేవాడిగా నాకు ఆ కథలో కనిపించేది ఒక్కటే: ఆ హారన్ ఒక్క క్షణం ముందు మోగి ఉంటే ఈ గొడవే లేదు.

ఇక నిమిషం లోపల ఏం జరగాలో చూద్దాం. రెఫరీ విజిల్ ఊది గుర్తు చూపించిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. ఆటగాళ్లు కోర్టు వదిలి బెంచ్ మీద కూర్చోవచ్చు, లేదా బెంచ్‌లో ఉండే అర్హత ఉన్నవాళ్లు కోర్టులోకి అడుగుపెట్టి ఆటగాళ్ల చుట్టూ నిలబడవచ్చు. అయితే తమ బెంచ్ దాపునే ఉండాలి. కోచ్ మాట్లాడుకునే ఈ హక్కు కూడా మొదటి నుంచీ లేదు, అమెరికాలో 1940ల చివరి వరకు టైమౌట్‌లో కోచ్ తన ఆటగాళ్లతో మాట్లాడటానికి వీలుండేది కాదు. ఇప్పుడు మన దగ్గర సమస్య దానికి పూర్తిగా తిరగబడింది, కోచ్ తప్ప అందరూ మాట్లాడతారు. హారన్ మోగడం ఆలస్యం, ఆ స్కూలులో చదివి వెళ్లిన పెద్ద పిల్లలు, ఒక ఆటగాడి మామ, బండి మీద అప్పుడే దిగిన కరస్పాండెంటు, అందరూ గుంపులోకి దూరతారు. కోచ్ బోర్డు మీద గీసిన గీత ఎవరి భుజం వెనకో పడిపోతుంది. బెంచ్‌లో ఉండవలసినవారు కోచ్, పన్నెండు మందికి మించని ఆటగాళ్లు, అసిస్టెంట్లతో కలిపి జట్టులో పని ఉన్న ఎనిమిది మంది వరకు సభ్యులు. మిగిలినవాళ్లు బెంచ్‌కు కనీసం రెండు మీటర్ల వెనక ఉండాలని నిబంధన. ఎవరిని ఆపాలన్నది స్కోరర్ పని కాకపోయినా, నేను ఒకటి రెండుసార్లు లేచి, "పెద్దాయనా, కొంచెం ఎనక్కి నిలబడండి" అని చెప్పవలసి వచ్చింది. అయిదు ఫౌళ్లయి ఆట ముగిసిన పిల్లవాడు ఆ గుంపులో ఉండవచ్చు, బెంచ్‌లో కూర్చోవచ్చు. డిస్‌క్వాలిఫై అయినవాడు మాత్రం డ్రెస్సింగ్ రూముకో, మైదానం బయటికో వెళ్లాలి. వెళ్లినవాడు గోడ పక్క నుంచి తిరిగి గుంపులోకి తొంగి చూడటం నేను కళ్లారా చూశాను.

నీళ్ల సంగతి నిబంధనల పుస్తకం కన్నా మా ఎండలతోనే ఎక్కువ ముడిపడి ఉంది. ఏప్రిల్‌లో సాయంత్రం అయిదింటికి కూడా సిమెంటు కోర్టు కాళ్లకు కాలుతూ ఉంటుంది కాబట్టి, పిల్లలు సీసా నోట్లో సగం, నెత్తిన సగం పోసుకుంటారు. ఆ నీళ్లు సరిగ్గా సైడ్‌లైను మీద పారుతాయి. ఆట మొదలయ్యే వేళకు రెఫరీ తడి చూసి ఆపుతాడు, ఎవరో గోనెసంచి తెస్తారు, నిమిషం కాస్తా మూడు నిమిషాలవుతుంది. నెత్తిన పోసుకోవలసి వస్తే బెంచ్ వెనక్కి వెళ్లి పోసుకోమని మా వైపు మంచి కోచ్‌లు ముందే చెబుతారు.

యాభై సెకన్లకు టైమర్ ఒకసారి హారన్ కొడతాడు, అది లేవమని పిలుపు. అరవైకి మరోసారి మోగుతుంది, రెఫరీ విజిల్ ఊది జట్లను కోర్టులోకి పిలుస్తాడు. మన జట్లు చాలావరకు మొదటి హారన్‌ను గుడిగంట కింద వింటాయి, రెండోదానికి చెప్పులు వెతుక్కున్నంత తీరికగా లేస్తాయి. ఇలా సాగదీయడం వల్ల ఆ జట్టుకు అదనపు విశ్రాంతి దొరుకుతుంది, ఆట ఆలస్యమవుతుంది. అందుకే రెఫరీ ముందు కోచ్‌ను హెచ్చరిస్తాడు. మళ్లీ అదే జరిగితే ఆ జట్టు ఖాతాలో ఇంకొక టైమౌట్ రాసేయిస్తాడు. రాయడానికి టైమౌట్లు మిగలకపోతే కోచ్ మీద టెక్నికల్ ఫౌల్, అవతలివాళ్లకు ఒక ఫ్రీ త్రో. సగం ఆట విరామం తరువాత ఆలస్యంగా వచ్చిన జట్టుకు కూడా ఇలాగే టైమౌట్ కోత పడుతుంది. ఇంత స్పష్టమైన నిబంధనను మా జిల్లా మ్యాచ్‌లలో అమలు చేసిన రెఫరీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. హెచ్చరించి వదిలేస్తారు, రెండోసారీ హెచ్చరించి వదిలేస్తారు. నా లెక్కలో ఇది దయ కాదు, సమయానికి లేచి నిలబడ్డ అవతలి జట్టుకు చేసిన అన్యాయం.

తిరిగి వచ్చేటప్పుడు జరిగే మరొక తప్పు సబ్‌స్టిట్యూట్లది. టైమౌట్‌లో ఆటగాడిని మార్చుకోవచ్చు, కానీ కొత్తగా దిగేవాడు వచ్చి స్కోరర్‌కు చెప్పాలి. గుంపులోంచి నేరుగా కోర్టులోకి నడిచిపోతే నాకు తెలియదు, కొన్నిసార్లు బయటికి రావలసినవాడికి కూడా తెలియదు. ఆరుగురితో ఆట మొదలై గడియారం కదిలితే టెక్నికల్ ఫౌల్ కోచ్ పేరు మీదే పడుతుంది. నేను రెండు చేతులూ చాచి, వేళ్లు మడిచి అయిదుగురిని లెక్కపెట్టుకుంటాను. దీన్ని చూసి పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పైన చెప్పిన పీఈటీ గారు మిగిలిన రెండింటిలో మొదటిది ఒక నిమిషం నలభై సెకన్ల దగ్గర తీసుకున్నారు. ఆయన జట్టు ఒక పాయింటు వెనకబడి ఉంది, బంతి తమ బ్యాక్‌కోర్టులో, అంటే తాము కాపాడుకునే సగంలో, వాళ్లకే దక్కింది. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో ఇలాంటి టైమౌట్ తీసుకున్న కోచ్‌కు ఒక వరం ఉంది. త్రో ఇన్ అక్కడి నుంచే వేయాలా, లేక ముందరి సగంలో గుర్తు పెట్టిన త్రో ఇన్ లైను నుంచి వేయాలా అన్నది ఆయనే తేల్చుకోవచ్చు. ముందరి నుంచి వేస్తే దూరం కలిసి వస్తుంది కానీ, షాట్ క్లాక్‌లో (బాస్కెట్‌కు వేయడానికి గడువు చూపే గడియారంలో) 14 సెకన్లకు మించి ఇవ్వరు. టైమౌట్ ముగిసేలోగా రెఫరీ అడిగితే కోచ్ చేత్తో చూపిస్తూ గట్టిగా, ఇంగ్లీషులోనే, ఫ్రంట్‌కోర్ట్ అనో బ్యాక్‌కోర్ట్ అనో చెప్పాలి. చెప్పిన తరువాత మార్చుకోవడానికి వీల్లేదు. ఆయన "ముందర సార్, ముందర" అన్నారు. రెఫరీ కర్నూలు మనిషే అయినా పద్ధతి ప్రకారం మళ్లీ అడిగాడు. ఈసారి పీఈటీ గారు చేయి బారుగా చాచి, బడిలో ప్రార్థన ఆజ్ఞలు ఇచ్చే గొంతుతో "ఫ్రంట్‌కోర్ట్!" అన్నారు. అవతలి బెంచ్ కూడా తిరిగి చూసింది.

మ్యాచ్ అయిపోయాక నేను సంతకాలు పెట్టించి షీట్లు విడదీస్తుంటే ఆయన మళ్లీ వచ్చారు. పోట్లాటకేమో అనుకున్నాను. ఫోన్ తీసి, మొదటి గడిలోని ఆ రెండు అడ్డగీతల మీద దగ్గరగా పెట్టి ఒక ఫొటో తీసుకున్నారు. మసకగా వచ్చిందని చూసుకుని, లైటు కిందికి షీటు జరపమని అడిగి, ఇంకొకటి తీసుకున్నారు.