కుండీలో ఊదా సజ్జ: విత్తు నుంచి కంకి దాకా

అలంకరణ సజ్జల్లో పర్పుల్ బారన్ పొట్టి హైబ్రిడ్. 2003లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ (కొత్త మొక్క రకాలను పరీక్షించే అమెరికా సంస్థ) బంగారు పతకం అందుకున్న పర్పుల్ మెజెస్టీ నేలలో నాలుగైదు అడుగులు లేస్తుంది. పర్పుల్ బారన్ మూడడుగుల దగ్గర ఆగిపోతుంది కాబట్టి మేడ మీది 12 అంగుళాల కుండీకి సరిపోతుంది. జూన్ చివర్లో హైదరాబాద్‌లో విత్తిన 20 గింజల లెక్క ఇది.

విత్తిన రోజు: ప్రోట్రేలో (గదులుండే నారు ట్రే) మూడు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఒక పాలు వర్మీకంపోస్టు. గదికి ఒక్క గింజ, సెంటీమీటరు లోతున. పైన తడి గోనెగుడ్డ కప్పాలి, మొలక తల ఎత్తగానే తీసేయాలి. ఒక్క పూట ఆలస్యమైనా మొలకలు తెల్లగా సాగి వాలిపోతాయి.

4వ రోజు: 17 మొలిచాయి, అన్నీ పచ్చగానే. విత్తనం తప్పొచ్చిందని ఇక్కడే చాలామంది పీకేస్తారు. దయచేసి పీకకండి. ఈ ఊదా రంగు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థానిది, ఎండ తగిలితేనే ఊరుతుంది. ముందు నడిమి ఈనె ఎర్రబారుతుంది, తర్వాత ఆకంతా ముదురుతుంది. పోల్చి చూడటానికి వరండాలో ఉంచిన మూడు మొక్కలు నెల దాటినా బురద పచ్చగానే మిగిలాయి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ లేని చోట ఈ మొక్క పెట్టకపోవడమే మంచిది.

14వ రోజు: నాలుగు ఆకులు. కుండీలోకి మార్చాల్సింది ఇప్పుడే. మిగిలిన 14లో పది మార్చి, నాలుగింటిని 24వ రోజు దాకా ట్రేలోనే ఉంచాం. ఆ నాలుగింటికీ వేళ్లు గది అడుగున చుట్టలు చుట్టుకున్నాయి. కుండీలోకి వెళ్లాక కూడా కోలుకోలేదు, జానెడు ఎత్తులోనే బొటనవేలంత కంకి వేసి ఊరుకున్నాయి. సజ్జకు వేరు ఇరుకైతే పెరుగుదల ఆపి కంకి మీదికి వెళ్లిపోతుంది, తర్వాత ఎంత ఎరువేసినా ఎత్తు రాదు.

కుండీకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. కుండీకి ఒకే మొక్క. కింద నీళ్ల పళ్లెం వద్దు, నీరు నిలిస్తే కింది ఆకులు పసుపు తిరుగుతాయి.

19వ రోజు: రెండింట్లో మొవ్వు (నడిమి లేత చిగురు) ఎండింది. మెల్లగా లాగితే ఊడి చేతికొచ్చింది, మొదలు కుళ్లి వాసన. మొవ్వు ఈగ పని. ఎండిన మొవ్వు తీసి పారేస్తే పక్క నుంచి పిలకలు వస్తాయి, మొక్కను వదులుకోనక్కర్లేదు.

30వ రోజు: మొక్కకు రెండు మూడు పిలకలు. 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న ఎరువు) లీటరు నీటికి 2 గ్రాములు, పది రోజులకోసారి. యూరియా జోలికి పోవద్దు. కాండం మెత్తబడి, తొలి గాలివానకే పడిపోతుంది.

50వ రోజు: కంకులు బయటికొచ్చాయి. పొద్దున్నే దగ్గర నుంచి చూస్తే ముందు దూదిపోగుల్లాంటి కీలాగ్రాలు (పుప్పొడిని అందుకునే ఆడ భాగాలు), రెండు మూడు రోజుల తర్వాత పసుపు పుప్పొడి తిత్తులు కనిపిస్తాయి. పూల అలంకరణకు కోసేవాళ్లు పుప్పొడి రాలకముందే కోయాలి, లేదంటే బల్లంతా పసుపు పొడి.

పూత మీద ముసురు పడితే కంకి నుంచి తేనె బంక కారుతుంది. ఆ కంకులు కోసి పూడ్చేయండి, కోళ్లకు గానీ పశువులకు గానీ వేయకండి, విషం. కంకి గింజకు బదులు ఆకుల కుచ్చుగా మారితే అది వెర్రికంకి తెగులు. దాని బీజాలు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి కనుక ఆ కుండీ మట్టిలో మళ్లీ సజ్జ వద్దు.

75వ రోజు: గింజ గట్టిపడింది, పిచ్చుకలు, రామచిలుకలు వాలుతున్నాయి. గింజ కావాలనుకుంటే ఉల్లిపాయల వలసంచి తొడగండి. హైబ్రిడ్ కాబట్టి ఆ గింజ వేస్తే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి లేత రంగు వస్తాయి. వరుసగా ఒకే ఎత్తు కావాలంటే విత్తనం కొత్తగా కొనాలి. రెండో విడత సెప్టెంబరు మధ్యలోపు విత్తేయాలి. చలి ముదిరాక నాటినవి కదలవు.