ఏటి అంచున గుచ్చిన పుల్ల

శనివారం పొద్దున్న ఐదింటికల్లా రాజమండ్రి దాటేయాలనుకున్నాం, కారు కదిలేసరికి ఎనిమిదయింది. కారణం మా బావ. కార్తీక మాసం కదా, తెల్లారుజామున గోదావరి స్నానం, రేవులో దీపం, గుడి అన్నీ ముగించుకుంటే గానీ రానన్నాడు. పైగా నెలంతా నీచు ముట్టడు. మారేడుమిల్లి వెళ్తూ బొంగులో చికెన్ తినని మనిషిని వెంటబెట్టుకెళ్లడం ఏమిట్రా అని మా శీనుగాడు గోకవరం దాకా గొణుగుతూనే ఉన్నాడు. గోకవరంలో పెసరట్టు పడ్డాక ఊరుకున్నాడు.

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి దాదాపు 85 కిలోమీటర్లు. గోకవరం దాటాక మైదానం అయిపోయి కొండలు మొదలవుతాయి. భూపతిపాలెం రిజర్వాయర్ దగ్గర ఆగి ఫొటోలు తీసుకోవడం అందరికీ అలవాటే, మేమూ ఆగాం. రంపచోడవరంలో దుంపలు, ఉల్లిపాయలు, నీళ్ల డబ్బాలు కొనేశాం. ముందుకెళ్లేకొద్దీ సిగ్నల్ వస్తూ పోతూ, చివరికి పూర్తిగా పోయింది. ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి, లేకపోతే ఆదివారం సాయంత్రం ఫోన్ ఆన్ అయ్యేసరికి నలభై మిస్డ్ కాల్స్ ఉంటాయి. నాకు ఉన్నాయి.

వాలమూరు దగ్గరి జంగిల్ స్టార్ క్యాంపు చాలామందికి తెలిసిందే. మూడు పక్కలా ఏరు, వాలి సుగ్రీవులు కొట్టుకున్న చోటు అదేనని చెప్తారు. కార్తీకంలో వారాంతం అంటే అక్కడ మాకు ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవాళ్లు ఇంకాస్త లోపల కొండరెడ్లనే గిరిజనుల ఊరి పేరు ఒకటి చెప్పారు. ఊరివాళ్లే ఏటి పక్కన టెంట్లు వేసుకోనిస్తారు, వంట సాయం చేస్తారు, ఒక పెద్దాయన రాత్రంతా కాపలా ఉంటాడు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే వచ్చే వారం అక్కడ స్పీకర్లు మోగుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఈ ప్రయాణం కోసం ఆన్‌లైన్‌లో ముగ్గురు పట్టే టెంటు, తలకి కట్టుకునే లైటు, గాలి ఊదుకునే దిండు, ఇంకా ఏవేవో కొన్నాను. వీడియోలు చూసి హాల్లో రెండుసార్లు టెంటు వేసి విప్పాను కూడా. కాబట్టి ఏటి దగ్గరకి చేరగానే నేనే పెద్దమనిషినైపోయి, నీటికి పది అడుగుల దూరంలో తెల్లటి ఇసుక మేట చూసి, ఇక్కడే అన్నాను. చదునుగా ఉంది, మెత్తగా ఉంది, పొద్దున్నే టెంటు జిప్పు తీస్తే ఎదురుగా ఏరు. ఇంతకంటే ఏం కావాలి?

మాకు కాపలా ఉండే తాత (అందరూ అలాగే పిలుస్తున్నారు) చుట్ట నోట్లోంచి తీసి, "బాబూ, ఇసక్కెవరు తెచ్చారనుకుంటన్నారు? ఏరే తెచ్చింది. దాని చోటది" అన్నాడు.

నాకు ఆ మాట ఎక్కలేదు. ఆకాశంలో చిన్న మబ్బు కూడా లేదు. కాసేపు బేరమాడి మధ్యేమార్గంగా ఇంకో పదిహేను అడుగులు వెనక్కి జరిపాం. గట్టు మీద మద్దిచెట్టు కింద వేసుకోమన్నాడు గానీ అక్కడ వేర్లు వీపుకి గుచ్చుకుంటాయని నేనే వద్దన్నాను. ఆయన ఇంకేం అనలేదు. ఒక వెదురు పుల్ల తీసుకుని, నీళ్లు ఇసుకని తాకుతున్న అంచున సరిగ్గా గుచ్చి, పైకి జానెడు ఉండేలా చూసుకుని వెళ్లిపోయాడు. అదేదో పూజ అనుకున్నాడు మా బావ, దండం కూడా పెట్టాడు.

సాయంత్రం బొంగులో చికెన్. రోడ్డు పక్కన చేసేది చాలాసార్లు తిన్నాను గానీ, మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చుని చూసింది ఇదే. పచ్చి వెదురే కావాలి, ఎండుదైతే అంటుకుపోతుంది. ఒక పక్క కణుపు మూసి ఉండేలా కోస్తారు, అదే గిన్నెకి అడుగు. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కల్ని వదులుగా కూరి, మూతికి అడ్డాకులు ఉండచుట్టి బిగించి, మంటలో వాల్చి పెడతారు. నూనె చుక్క లేదు, నీళ్లు లేవు, బొంగులో ఉన్న పచ్చి తడే ఉడికిస్తుంది. తాత కోడలు దాన్ని తిప్పుతూ చెవి పెట్టి వింటోంది. ఆకుల సందులోంచి బుసబుసమని ఆవిరి వచ్చినంతసేపూ ఉడుకుతున్నట్టు, బుస తగ్గి చిటపట మొదలైతే అడుగంటుతున్నట్టు. బొంగు పూర్తిగా నల్లబడ్డాక కత్తితో నిలువునా చీల్చి అడ్డాకు మీద బోర్లించింది. శీనుగాడు మాట్లాడ్డం మానేశాడు. బావ మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు పులిహోర తింటూ, వాసనకి దోషం లేదు కదా అని రెండుసార్లు అడిగాడు.

ఎనిమిదింటికి దూరంగా, చింతూరు ఘాటు వైపు, మెరుపు కనిపించింది. ఉరుము వినబడలేదు. మా మీద ఒక్క చినుకూ లేదు. చలి, నక్షత్రాలు, ఏటి చప్పుడు, అంతే. దోమలకి క్రీము రాసుకుని పడుకున్నాం (ఏజెన్సీలో మలేరియా ఉంటుంది, నిండు చేతుల చొక్కా లేకుండా వెళ్లకండి).

రాత్రి ఒంటిగంటకి మొహం మీద చుక్కలు పడి మెలకువొచ్చింది. వాననుకున్నాను, కాదు. చలికి భయపడి గాలి కిటికీలన్నీ మూసేశాం కదా, ముగ్గురి ఊపిరి తడీ టెంటు పైకప్పుకి పట్టి కారుతోంది. ఇది ఏ వీడియోలోనూ గట్టిగా చెప్పలేదు. తుడుచుకుందామని లేచేసరికి బయట టార్చి లైటు. "లెగండి బాబూ, ఏరెక్కతంది."

బయటికొచ్చి చూస్తే నాకేం తేడా తెలియలేదు. చప్పుడు మాత్రం మారింది. సాయంత్రం గలగలమన్నది ఇప్పుడు బరువుగా, కడుపులోంచి వస్తున్నట్టు ఉంది. తాత టార్చి నీళ్ల మీద వేశాడు. అద్దంలా ఉన్న నీళ్లు టీ రంగులో ఉన్నాయి, ఎండాకులూ పుల్లలూ గుంపులుగా కొట్టుకొస్తున్నాయి. పుల్ల కోసం వెతికాను. ఎక్కడో లోపల, నీళ్లలో, బెత్తెడు మొన ఊగుతోంది. నేను చూస్తుండగానే అదీ మునిగింది.

వాన ఎక్కడో పైన కొండల్లో పడింది. ఆ నీళ్లన్నీ వాగుల్లో కలిసి మా దాకా రావడానికి నాలుగైదు గంటలు పట్టింది, అంతే.

ఆ తర్వాత పది నిమిషాలు ఎవరు ఏం అరిచారో గుర్తులేదు. మేకులు పీకే టైము లేక, సామానుతో సహా టెంటుని నాలుగు మూలలా పట్టుకుని పల్లకీలా గట్టెక్కించాం. ఒక మూల తాత, ఇంకో మూల కార్తీక నియమాలన్నీ మర్చిపోయి బండబూతులు తిడుతూ మా బావ. మద్దిచెట్టు కింద వేర్ల మీద పడుకుంటే నిజంగానే వీపుకి గుచ్చుకున్నాయి. ఒక్కరం కూడా నోరెత్తలేదు. రెండున్నరకి చూస్తే మేం మొదట పడుకున్న చోట మోకాల్లోతు నీళ్లు.

ఇంకో మాట, పాములేరు గానీ ఇక్కడి ఏ వాగు గానీ పైకి చూడ్డానికి పిల్ల కాలవలా ఉంటుంది. పాచి పట్టిన రాళ్లు, ఉన్నట్టుండి లోతయ్యే గుంటలు ఉంటాయి, సరదాగా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఊరివాళ్లు దిగే చోటే దిగండి.

తెల్లారేసరికి ఏరు తగ్గడం మొదలైంది. బావ గట్టు వారనే, తాత చూపించిన చోట, మొలలోతులో మూడు మునకలు వేసి, అరటి దొప్ప దొరక్క అడ్డాకు దొప్పలోనే దీపం వెలిగించి వదిలాడు. వణుకుతున్న చేతులతో వదలడం వల్ల కొంచెం వంకరగా వెళ్లింది గానీ ఆరలేదు.

ఏడింటికి నీళ్లు దిగాక పుల్ల మళ్లీ బయటపడింది, ఒంటికి ఎర్రమట్టి పూసుకుని కాస్త వాలిపోయి ఉంది. తాత వెళ్లి దాన్ని పీకి తెచ్చి, టీ పొయ్యిలో నిప్పులు ఎగదోశాడు.