ముందు రీలు, తర్వాత బెల్టు, ఆఖరున బల్బు

అటక మీంచి రెండు ఫార్మాట్ల 8 ఎంఎం ప్రొజెక్టర్ (ఇంట్లో తీసుకున్న పాత ఫిలిం రీళ్ళని తెర మీద ఆడించేది) దింపగానే ఎవరైనా చేసే మొదటి పని ప్లగ్గు పెట్టి బల్బు వెలుగుతుందా లేదా చూడటం. వెలిగితే రీలు ఎక్కించేస్తారు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క పెళ్ళి రీలు చిరిగేది అప్పుడే. బల్బు ఇంకోటి కొనుక్కోవచ్చు, రీలు కొనలేం. అందుకే ఈ వరసను తిరగేయాలి.

రెండు ఫార్మాట్ల మిషన్ అంటే రెగ్యులర్ 8, సూపర్ 8 రెండూ ఆడేది. రెండు ఫిలింల వెడల్పూ 8 మిల్లీమీటర్లే కాబట్టి చేత్తో పట్టుకుంటే తేడా తెలీదు. కిటికీ వెలుతురుకి పట్టి చూడండి. ఫిలిం అంచున వరసగా ఉండే రంధ్రం పెద్దగా, రెండు బొమ్మల మధ్య గీతకి ఎదురుగా ఉంటే రెగ్యులర్. చిన్నగా, బొమ్మ నడుమకి ఎదురుగా ఉంటే సూపర్. రీలు నడిమి బెజ్జం కూడా గుర్తే (సన్నది రెగ్యులర్, వెడల్పుది సూపర్), కానీ దాన్ని నమ్మొద్దు. ఎప్పుడో ఎవరో ఒక రీలులోది ఇంకో రీలుకి చుట్టేసి ఉంటారు. సూపర్ 8 వచ్చిందే 1965లో. అంతకు ముందు తిరుమలలో తీసిన పుట్టెంట్రుకల రీలైతే చూడక్కర్లేదు, అది రెగ్యులరే.

మిషన్ మీద ఫార్మాట్ మార్చే మీట ఉంటుంది. యూరప్ మిషన్లలో చాలావాటి మీద ‘ఎన్8’ అని రాసి ఉంటుంది, అదీ రెగ్యులరే. ఒక్కో బొమ్మకి రెగ్యులర్ ఫిలిం 3.81 మి.మీ. జరగాలి, సూపర్ 4.23 మి.మీ. జరగాలి. రంధ్రంలో దూరి ఫిలింని కిందికి లాగే కొక్కేన్ని క్లా అంటారు. మీట తప్పుగా ఉంటే ఆ క్లా రంధ్రంలో కాకుండా పక్కన పొడుస్తుంది. కటకటమని చప్పుడు, తెర మీద బొమ్మ పాకడం, రంధ్రాల అంచులు చిట్లడం, మూడూ ఒకేసారి మొదలవుతాయి. మీటను మిషన్ ఆపాకే తిప్పాలి. కొన్ని మోడళ్ళలో మీట ఒక్కటే చాలదు, గేటు (బల్బు వెలుగు పడేచోట ఫిలిం జారే సందు) పలకనో పళ్ళ చక్రాన్నో కూడా చేత్తో మార్చాలి.

ఫిలిం ఆడించదగ్గదేనా అన్నది తర్వాతి సంగతి. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొడితే ఆ రీలును మిగతావాటికి దూరంగా పెట్టండి. తిరుపతి ఎండలో స్లాబు కింద అటక ఎంత కాగుతుందో తెలిసిందే, ఆ పైన కార్తీకం వానల తేమ. ఎసిటేట్ (ఆ పాత ఫిలిం చేసిన ప్లాస్టిక్, పాడైతే ఆ వెనిగర్ వాసన దానిదే) ఫిలిం కుంచించుకుపోవడానికి అంతకంటే ఏం కావాలి? కొలవడం తేలికే. బల్ల మీద టేపు పరిచి 100 బొమ్మలు లెక్కపెట్టండి. రెగ్యులర్ 381 మి.మీ. రావాలి, సూపర్ 423. నాలుగు మిల్లీమీటర్లు తగ్గిందంటే దాదాపు ఒక శాతం కుంచించుకుపోయినట్టే. దాన్ని ప్రొజెక్టర్‌లో పెట్టకండి, స్కానింగ్‌కి ఇవ్వండి.

ఇక మిషన్. వెనక వోల్టేజీ సెలెక్టర్‌లో 220, 240 రెండూ ఉంటే 240లో పెట్టండి, వెలుగు ఒక పిసరు తగ్గినా బల్బు మన్నుతుంది. అమెరికా నుంచి తెచ్చింది 120 వోల్టులదైతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. అది ఉన్నా సగం పనే అయినట్టు. మామూలు ఏసీ మోటారు 60 సైకిళ్ళ (హెర్ట్జ్) కరెంటుకి చేసినదైతే మన 50 సైకిళ్ళ కరెంటు మీద నెమ్మదిస్తుంది. సెకనుకి 18 బొమ్మలు తిరగాల్సింది 15కి పడిపోతుంది. కొన్నిటికి మోటారు పుల్లీ మీద రెండు గాళ్ళుంటాయి, బెల్టును పెద్ద గాడికి మారిస్తే సరిపోతుంది.

మోటారు ఉమ్మని మూలుగుతూ తిరక్కపోతే వెంటనే ఆపేయండి. వైండింగ్ కాలిందనుకుని రివైండింగ్ షాపుకి పరిగెత్తొద్దు. పది మిషన్లు అట్లా వస్తే తొమ్మిదిట్లో తప్పు గ్రీజుది. నలభై యాభై ఏళ్ళకి అది మైనంలా బిగుసుకుపోతుంది. ప్లగ్గు తీసి, వెనక మూత విప్పి, చేత్తో తిప్పే నాబ్ ఉంటే మెల్లగా తిప్పుతూ క్యామ్ (క్లాని ఆడించే చక్రం) మీది పాత గ్రీజుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. అసిటోన్ వద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి కరుగుతుంది. తుడిచాక క్యామ్‌కి బియ్యపు గింజంత లిథియం గ్రీజు, బుష్‌లకి (ఇరుసులు తిరిగే గొట్టాలకి) కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క. కొబ్బరినూనె వేసేవాళ్ళున్నారు, దయచేసి వద్దు, ఆర్నెల్లకి జిగురవుతుంది.

పాత బెల్టు ఒక్కోసారి తారులా కరిగి పుల్లీలకి అంటుకుని ఉంటుంది. దాన్నీ ఆల్కహాల్‌తోనే వదిలించాలి. పుల్లీల చుట్టూ నూలుదారం బిగించి కొలిచి, దానికంటే 5 నుంచి 10 శాతం పొట్టి బెల్టు వేయాలి. మరీ బిగువుదైతే మోటారు బుష్‌లు అరుగుతాయి. గాడి గుండ్రంగా ఉంటే బేరింగుల షాపులో దొరికే ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) పనికొస్తుంది. గాడి చదునుగా ఉంటే రింగ్ పక్కకి జారిపోతుంది.

గేటులో చేరిన ఎమల్షన్ (ఫిలిం మీది బొమ్మ పూత) ముక్కలు రాయిలా గట్టిగా ఉంటాయి, అవే ఫిలిం పొడవునా గీతలు గీసేది. చెక్కిన అగ్గిపుల్లతో తీయండి, స్క్రూడ్రైవర్‌తో కాదు.

అప్పుడు బల్బు వెలిగించకుండానే, పారేసే ఫిలిం ముక్క ఒకటి నడిపి చూడండి. గేటుకి పైన, కింద రెండు లూపులు (ఫిలిం వదులుగా వంగిన మలుపులు) నిలవాలి. కింది లూపు మాయమైతే బొమ్మ పైకీ కిందికీ వణుకుతుంది. ఫిలిం కొస సరిగ్గా కత్తిరించకపోవడం, లావుగా ఉన్న పాత అతుకు, చిరిగిన రంధ్రాలు, సాధారణంగా వీటిలో ఏదో ఒకటి కారణం.

బల్బు చాలా మోడళ్ళలో 12 వోల్టులు, 100 వాట్ల రిఫ్లెక్టర్ హాలోజన్. కానీ అన్నిటికీ అదే కాదు, పాత బల్బు మీద రాసింది చూశాకే కొనండి. వెలగకపోతే ముందు హోల్డర్ కాంటాక్టులు నల్లబడ్డాయేమో చూడండి. కొత్త బల్బు గాజుని వేళ్ళతో తాకొద్దు, ఆ నూనె మరకే వేడికి గాజుని పాడుచేస్తుంది. బల్బు వెలుగుతుండగా ఫిలిం నిలిచిపోతే బొమ్మ నడుమ గోధుమరంగు బుడగ లేచి రెండు సెకన్లలో కాలిపోతుంది. అందుకే వేలు ఎప్పుడూ స్విచ్ మీదే ఉండాలి.

20 ఎంఎం లెన్సుతో పది అడుగుల దూరానికి సూపర్ 8 బొమ్మ సుమారు 80 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది, రెగ్యులర్ 65. అంతకంటే పెద్దది చేస్తే మసకే.

టేకప్ రీలు (ఆడిన ఫిలిం చుట్టుకునేది) మీద కన్నేసి ఉంచండి. దాని స్ప్రింగు బెల్టు సాగిపోతే తెర మీద బొమ్మ బాగానే ఆడుతుంది, ఫిలిమంతా మాత్రం కుర్చీ కింద కుప్పపడుతుంటుంది.